పాత స్టిల్ 090 దొరికితే కొనాలా వద్దా: పూర్తి మార్గదర్శి

చెట్లు కోసే పనిలో ఉన్నవాళ్ల దగ్గర జర్మనీ కంపెనీ స్టిల్ చేసిన 090 చైన్ రంపం పేరెత్తితే చాలు, చేస్తున్న పని ఆపి మరీ వింటారు. 137 సీసీ ఇంజన్ అది. ఒకప్పుడు మన ఊళ్లలో హడావుడి చేసిన ఆర్‌ఎక్స్ 100 బండి ఇంజనే 98 సీసీ. అంతకంటే పెద్ద ఇంజన్‌ని చేతుల్లో పట్టుకుని కోస్తామన్నమాట. కంపెనీ దీని తయారీ ఎప్పుడో ఆపేసింది కాబట్టి ఏ టింబర్ డిపో మూలనో, మూతపడిన సామిల్లులోనో ఒకటి బయటపడిందంటే "ఇప్పుడు వదిలేస్తే మళ్లీ దొరకదు" అనే తొందర మొదలవుతుంది. అమ్మేవాడికి కావాల్సింది కూడా ఆ తొందరే.

అందుకే ముందే చెప్తున్నా. దీనికి సరిపడే దుంగ మీ దగ్గర ఉందా, రేపు పాడైతే పార్టు దొరుకుతుందా, లోపల బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) బాగుందా, ఈ మూడూ తేలాకే ధర మాట్లాడండి. ఈ మూడూ తేలకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు, ఎవరెంత తొందరపెట్టినా సరే. నేను 090 పేరుతో రాస్తున్నాను గానీ స్టిల్‌వే అయిన 070, 088, ఎంఎస్ 880, వేరే కంపెనీ హస్క్‌వర్నా 3120 లాంటి ఏ పెద్ద మిషన్‌ని పాతది కొన్నా చూసే పద్ధతి ఇదే.

ముందు దుంగకి టేపు పెట్టండి

మీరు కోయబోయే చెక్క అడ్డంగా ఎన్ని అంగుళాలుంటుంది? సుబాబుల్, సరుగుడు, జామాయిల్ కోసేవాళ్లకి ఇంత మిషన్ అసలు అవసరం లేదు. 50, 60 సీసీ మిషన్ దాన్ని చులాగ్గా కోసేస్తుంది, సాయంత్రానికి నడుము కూడా మిగులుతుంది. పాత మామిడి, కొబ్బరి తోటలు తీసేవాళ్లకి 70 నుంచి 90 సీసీ చాలు. ఎంఎస్ 661 అయితే 91 సీసీ, హస్క్‌వర్నా 395 ఎక్స్‌పీ అయితే దాదాపు 94 సీసీ. ఇవి చెట్టు పడగొట్టడానికీ, ముక్కలు చేయడానికీ బాగా సరిపోతాయి, బరువు కూడా తక్కువ.

100 సీసీ దాటిన మిషన్‌కి నిజమైన పని ఎక్కడుందంటే, లావుపాటి దుంగని నిలువునా చీల్చి పలకలు తీసే దగ్గర. రోడ్డు పక్క నిద్రగన్నేరు చెట్లు, వందేళ్ల చింతలు, పెద్ద పనస మానులు, హైదరాబాద్‌లో ఇప్పుడు బాగా అడుగుతున్న ఒకే పలక డైనింగ్ టేబుళ్లు, ఇలాంటివి. వీటికోసం బార్‌కి (చైన్ తిరిగే పొడవాటి పట్టీకి) మిల్లు ఫ్రేమ్ బిగించి దుంగ మీద పొడవునా నెట్టుకుంటూ వెళ్తారు. అలా చీల్చేటప్పుడు ఇంజన్ నిమిషాల తరబడి పూర్తి లోడు మీద ఉంటుంది, మామూలు కోతలో అంతసేపు ఎప్పుడూ ఉండదు. చిన్న ఇంజన్ అక్కడ వేడెక్కి చతికిలబడుతుంది. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. ఫ్రేమ్ బిగించాక బార్ పొడవులో నాలుగైదు అంగుళాలు పోతాయి, అంటే 36 అంగుళాల బార్‌తో 31 అంగుళాల దుంగ దాకానే ఆశ పెట్టుకోవాలి.

ఏడాదికి రెండు మూడు పెద్ద దుంగలే మీ చేతికొస్తాయనుకుంటే మిషన్ ఉన్న మనిషిని రోజు లెక్కన పిలిపించుకోండి. నా లెక్కలో అదే లాభం.

దుంగ ఉంది కదా అని కోసేయడానికి కూడా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, కొన్ని తోట రకాలకి మినహాయింపులున్నాయి. పలకలు తీసి అమ్మే ఆలోచన ఉంటే లైసెన్సు సంగతి మీ అటవీ రేంజ్ ఆఫీసులో ముందే అడగండి. మిషన్ కొన్నాక ఈ సంగతి తెలిస్తే అది షెడ్డులో బరువుగా మిగిలిపోతుంది.

ఏది ఏమిటో తెలుసుకుని వెళ్లండి

1959లో స్టిల్ కంపెనీ కాంట్రా అనే మిషన్ తెచ్చింది. గేర్లు లేకుండా ఇంజన్ నేరుగా చైన్‌ని తిప్పే పద్ధతి దానిది. ఆ వంశంలోవే 070, 090 రెండూ. 070 ఇంజన్ దాదాపు 106 సీసీ, బోరు వెడల్పు 58 మిల్లీమీటర్లు. 090 బోరు 66 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండింటికీ 40 మిల్లీమీటర్లే. బయటి నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి 070ని 090 అని అంటగట్టడం సులువు. ప్లగ్గు రంధ్రంలోంచి చూస్తే ఏదో తేలదు, సైలెన్సర్ విప్పి పొగ బయటికొచ్చే పోర్టులోంచి చూసినప్పుడే పిస్టన్ వెడల్పు అంచనాకి వస్తుంది.

090లోనే ఏవీ అని ఇంకో రకం ఉంది. హ్యాండిల్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బర్లు ఉండి అదురు తగ్గుతుంది. ఆ రబ్బర్లు లేని పాత రకంతో రోజంతా పనిచేస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఏళ్ల తరబడి అదే పని అయితే వేళ్లకి రక్తం సరిగ్గా అందక తెల్లబడే జబ్బు వస్తుంది. పాత వాటికి చైన్ బ్రేక్ కూడా ఉండదు. బార్ కొస దేనికైనా తగిలి మిషన్ ఒక్కసారిగా మీదికి లేచినప్పుడు చైన్‌ని ఆపేది ఆ బ్రేకే. ఫ్రేమ్‌లో బిగించి పలకలు తీయడానికి మాత్రమే వాడతానంటే బ్రేక్ లేకపోయినా నేను కొంతవరకు ఒప్పుకుంటాను. నిలబడి చెట్టు పడగొట్టడానికి బ్రేక్ లేని 137 సీసీ మిషన్ కొనమని మాత్రం ఎవరికీ చెప్పను. ఆ పనికి ఎంఎస్ 880 (దాదాపు 122 సీసీ) గానీ, 3120 (దాదాపు 119 సీసీ) గానీ చూసుకోండి. అవి కూడా బార్ లేకుండానే పది కేజీలుంటాయి, అది వేరే సంగతి.

అసలుదా, చైనాదా

070, 090, 880, ఈ మూడింటికీ అచ్చు గుద్దినట్టుండే చైనా మిషన్లు వస్తున్నాయి. చైనా మిషన్ అని చెప్పి ఆ ధరకే అమ్మితే అందులో తప్పేం లేదు, పని కూడా చేస్తాయి. కొత్తది కొని ఒక సీజన్ వాడి, బురద పూసి, జర్మనీ పాత సరుకు అని అమ్మితేనే గొడవ.

స్టిల్ మిషన్‌కి సీరియల్ నంబరు క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) లోహం మీదే కొట్టి ఉంటుంది. స్టిక్కర్ మీద మాత్రమే ఉన్నా, నంబరు గీకేసి ఉన్నా పక్కన పెట్టండి. గీకేసిన నంబరంటే దొంగసొత్తు కూడా కావచ్చు. సిలిండర్ మీద పోతలో మాలే లాంటి జర్మన్ తయారీదారు గుర్తు కనిపిస్తే మంచిదే, కానీ బోరు మార్చిన మిషన్‌కి ఆ గుర్తు ఉండకపోవచ్చు, అంతమాత్రాన మిగతాదంతా నకిలీ అనుకోనక్కర్లేదు. పోతలో అంచులు గరుకుగా ఉండటం, స్క్రూలు రకరకాలుగా ఉండటం, ప్లాస్టిక్ తేలిగ్గా వంగడం, ఇవన్నీ కలిపి చూసుకుని ఒక నిర్ణయానికి రండి.

చైనా వాటి వల్ల మనకో మేలు కూడా జరిగింది. అసలు 070, 090లకి సరిపోయే పార్టులు ఇంకా దొరుకుతున్నాయంటే వాటి పుణ్యమే. అమెరికాలో పేరుమోసిన మెకల్లక్ (McCulloch) కంపెనీ పాత పెద్ద మిషన్లు, హస్క్‌వర్నా 2100 లాంటివి ఎంత బాగున్నా ఇక్కడ ఒక చిన్న సీలు (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగు) కోసం నెలలు ఆగాలి. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావమరిదో లగేజీలో తెస్తాడులే అనుకోకండి, ఒకసారి పెట్రోలు పోసి వాడిన మిషన్‌ని విమానంలో అనుమతించరు.

ఫోన్లో అడగాల్సినవి, వెంట తీసుకెళ్లాల్సినవి

"నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్లగానే సిలిండర్ రెక్కల మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి ఉంచారు, అంటే చల్లగా ఉన్నప్పుడు అది స్టార్ట్ అవడానికి సతాయిస్తుందేమోనని అనుమానించాలి. ఎన్నాళ్ల నుంచి వాడట్లేదో, ఆఖరిసారి ఎవరు విప్పారో, బోరు ఎప్పుడైనా మార్చారో అడగండి. 2014 హుద్‌హుద్ తర్వాత విశాఖలోనూ, 2018 తిత్లీ తర్వాత ఉద్దానంలోనూ పడిపోయిన చెట్లు తీయడానికి మిషన్లు తెల్లవార్లూ నడిచాయి. అలా నడిచిన మిషన్‌ని ఎంతమంది పట్టుకున్నారో, ఎవరేం ఆయిల్ కలిపారో ఎవరికీ తెలియదు. ఆ చరిత్ర ఉంటే బోరు ఇంకా జాగ్రత్తగా చూడాలి.

సంచిలో చిన్న టార్చ్, ప్లగ్ స్పానర్, స్క్రూడ్రైవర్లు, తెల్ల అట్టముక్క, అప్పుడే కలిపిన పెట్రోలు ఒక లీటరు, చెవులకి మఫ్‌లు పెట్టుకోండి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) బైకు మెకానిక్ దగ్గర అరువు తెచ్చుకోవచ్చు, కాకపోతే దానికి 14 ఎంఎం అడాప్టర్ ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు మనం నడిపే చాలా బైకులకి ప్లగ్గు 10 ఎంఎం.

సైలెన్సర్ విప్పించండి: అసలు పరీక్ష ఇదే

చాలామంది మొహమాటపడి ఇది అడగరు. అడగండి. రెండు మూడు బోల్టులు, పది నిమిషాల పని. "సైలెన్సర్ విప్పితే గానీ కొనవా ఏంటి?" అని అమ్మేవాడు చిరాకు పడితే "అవునన్నా, విప్పితేనే" అని చెప్పి నిలబడండి. విప్పనివ్వని మిషన్‌ని తుక్కు ధరకైనా కొనొద్దు.

సైలెన్సర్ తీశాక పొగ బయటికొచ్చే రంధ్రం కనిపిస్తుంది. ప్లగ్గు కూడా విప్పి, స్టార్ట్ చేసే తాడుని నెమ్మదిగా లాగుతూ పిస్టన్‌ని కిందికీ పైకీ కదిలించండి. పిస్టన్ పైకొచ్చి రంధ్రాన్ని మూసినప్పుడు దాని పక్క గోడ మీద టార్చ్ వేయండి. బాగున్న పిస్టన్ గోడ లేత బూడిద రంగులో ఉంటుంది, తయారైనప్పటి సన్నటి అడ్డగీతలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. చెడిపోయిన పిస్టన్ మీద నిలువు గీతలుంటాయి, అల్యూమినియం కరిగి పూసినట్టు మచ్చలుంటాయి, రింగు గాడిలో ఇరుక్కుపోయి కదలదు. రింగుని స్క్రూడ్రైవర్ కొసతో మెల్లగా నొక్కి చూడండి, స్ప్రింగులా లోపలికెళ్లి బయటికి రావాలి. ఇప్పుడు పిస్టన్‌ని కిందికి దింపి ఎదురుగా కనిపించే సిలిండర్ గోడ చూడండి, నున్నగా ఒకే రంగులో ఉండాలి.

గీతలు ఏ వైపు ఉన్నాయన్నది కూడా కథ చెప్తుంది. పొగ పోర్టు వైపు మాత్రమే ఉంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువై వేడెక్కిందని అర్థం, అంటే ఎక్కడో గాలి లీకు ఉండొచ్చు. చుట్టూ ఒకేలా ఉంటే ఆయిల్ కలపకుండా వట్టి పెట్రోలు పోసి ఉంటారు. కార్బరేటర్ వైపు ఉంటే ఎయిర్ ఫిల్టర్ లేకుండానో చిరిగిన దానితోనో నడిపి రంపపు పొట్టు మింగించారు.

"గీతలుంటే ఏమైంది, రీబోర్ చేయించుకో" అనే సలహా మన దగ్గర తప్పకుండా వస్తుంది. పాత టూ స్ట్రోక్ బైకుల సిలిండర్ లోపల ఇనుప గొట్టం ఉండేది, దాన్ని లేతు మీద అరగదీసి పెద్ద పిస్టన్ వేసేవాళ్లు. ఈ మిషన్లలో సిలిండర్ అల్యూమినియం, లోపల గట్టి పూత ఉంటుంది. అరగదీస్తే ఆ పూతే పోతుంది. పిస్టన్ లోహం గోడకి అంటుకున్నంత వరకే అయితే తెలిసిన మేస్త్రీ దాన్ని యాసిడ్‌తో శుభ్రం చేసి కొత్త పిస్టన్ వేస్తాడు. పూతే లేచిపోతే కొత్త బోరు, పిస్టన్ కిట్ తప్ప వేరే దారి లేదు. ఆ కిట్ ధర ముందే కనుక్కుని వెళ్తే బేరం మీ చేతిలో ఉంటుంది.

కంప్రెషన్, బేరింగు, పగుళ్లు

సైలెన్సర్ తిరిగి బిగించి గేజ్ పెట్టండి. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఇక పైకి కదలనంత వరకు తాడు లాగండి, ఐదారుసార్లు సరిపోతుంది. ఇప్పటి పెద్ద మిషన్లు 150 పీఎస్‌ఐ, ఆపైన చూపిస్తే నిశ్చింత. 120 కంటే తగ్గితే బోరు పని ఉందనుకోవాలి. 090 లాంటి పాత డిజైన్ దీనికంటే కాస్త తక్కువ చూపించడం సహజమే, అందుకే దాని విషయంలో గేజ్ కంటే కళ్లతో చూసిన పిస్టన్‌నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఫ్లైవీల్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఏమాత్రం ఆడినా మెయిన్ బేరింగులు పోయినట్టే, దానికి ఇంజన్ మొత్తం విప్పాలి. క్లచ్ వైపు కూడా అదే చూడండి.

క్రాంక్‌కేస్ మెగ్నీషియం కలిసిన లోహం. తేలిగ్గా ఉంటుంది, దెబ్బ తగిలితే పగులుతుంది, వెల్డింగ్ అందరి వల్లా కాదు. బార్ బిగించే స్టడ్ల చుట్టూ, చైన్ తెగినప్పుడు కొట్టుకునే చోట మట్టి తుడిచి మరీ చూడండి. ఎపాక్సీ పూసి పైన రంగు వేసిన చోట గోరుతో గీకితే తెలుస్తుంది. అసలు ఇంత పాత మిషన్‌కి కొత్త స్ప్రే రంగు వేశారంటేనే ఎందుకో అడగాలి. స్టడ్ల మర పోయిందేమో నట్టు బిగించి చూడండి. అది సరిచేయడం పెద్ద పని కాదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

స్టార్ట్ చేసి, కోసి చూడండి

మీరు తెచ్చిన పెట్రోలే పోయండి. మంచి టూ స్ట్రోక్ ఆయిల్ అయితే 50కి 1 చాలు, పాత మిషన్‌కి కొందరు 25కి 1 కలుపుతారు, అప్పట్లో ఆయిళ్లు అలాంటివి. పెద్ద ఇంజన్ తాడు లాగడం తెలియని వాళ్లకి వేళ్లు ఝాడించి కొడుతుంది, అందుకని మిషన్‌ని నేల మీద పెట్టి, హ్యాండిల్‌లో కాలు పెట్టి తొక్కి పట్టి, తాడుని బిగుతు తగిలేదాకా మెల్లగా తెచ్చుకుని అప్పుడు గట్టిగా లాగండి.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో ఉంచి మిషన్‌ని అటూ ఇటూ వంచండి. వంచినప్పుడల్లా వేగం పెరుగుతూ తగ్గుతూ ఉన్నా, యాక్సిలరేటర్ వదిలాక వేగం వెంటనే దిగకపోయినా సీళ్ల దగ్గర గాలి లీకు ఉంది. సీళ్లు చవకే, కానీ లీకుతో అలాగే పలకలు కోస్తే ఒక్క దుంగకే పిస్టన్ పోతుంది. ఖాళీగా పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు శబ్దం కొంచెం గరగరమని తడబడుతూ ఉండాలి, కోతలో పెట్టగానే అది సాఫీ అవ్వాలి. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా, తడబాటు లేకుండా కీచుమంటుంటే పెట్రోలు తక్కువ అందుతోంది, వెంటనే ఆపేయండి.

బార్ కొసని తెల్ల అట్టముక్క ముందు పట్టి రేజ్ చేయండి. అట్ట మీద ఆయిల్ గీత పడాలి. పొడుగు బార్‌కి ఆయిల్ అందకపోతే చైనూ బారూ రెండూ కాలిపోతాయి.

తర్వాత నిజంగా ఒక దుంగ కోయండి, రెండు మూడు నిమిషాలు లోడు మీద. వేడెక్కాక ఆపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద స్టార్ట్ కాకపోవడం ఈ వయసు మిషన్లలో మామూలు జబ్బు. స్పార్కు పుట్టించే కాయిల్ కావచ్చు, పాయింట్లు, కండెన్సర్ ఉన్న పాత రకమైతే అవి కావచ్చు, లేదా కంప్రెషన్ జారిపోతుండొచ్చు. కోత అయ్యాక ప్లగ్గు విప్పి చూస్తే లేత గోధుమ రంగు ఉండాలి.

ధర ఎలా తేల్చాలి

అమ్మేవాడు చెప్పిన ధర దగ్గర మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావద్దు. మీ ఊరి దగ్గర్లో ఎంఎస్ 880 సైజు కొత్త స్టిల్ మిషన్ ఎంతకొస్తుందో, అదే సైజు చైనా మిషన్ ఎంతకొస్తుందో రెండూ కనుక్కోండి. పాత 090 ఎంత బాగున్నా దానికి వారంటీ లేదు, చాలావాటికి బ్రేక్ లేదు, కాబట్టి పని కోసం కొనేవాళ్లు ఆ కొత్త స్టిల్ ధరలో సగం దాటొద్దని నా అభిప్రాయం. అందులోంచి బోరు కిట్, సీళ్లు, కార్బరేటర్ కిట్, కొత్త బార్, రెండు చైన్ల ఖర్చు తీసేయండి. పాత మిషన్‌తో ఇచ్చే బార్, చైన్ ఉచితం కిందే లెక్కేయండి, ఎందుకంటే అవి చాలావరకు అరిగిపోయే ఉంటాయి. పైగా ఈ సైజువి ఎక్కువగా 0.404 పిచ్ (లింకుల మధ్య దూరాన్ని చెప్పే కొలత, అంగుళాల్లో) చైన్, 1.6 ఎంఎం గేజ్ (బార్ గాడిలో తిరిగే లింకు మందం). మీ దగ్గరున్న 3/8 చైన్లు ఆ స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) మీద కూర్చోవు, ఆకురాయి కూడా 5.5 ఎంఎంది కొనాలి. పలకల కోసమైతే పళ్ల కోణం 10 డిగ్రీలున్న చైన్ వేరే ఉంటుంది, మామూలు చైన్‌తో కోస్తే పలక మీద గీతలు పడి రందా పని రెట్టింపవుతుంది.

సేకరణ కోసం, ఇష్టం కోసం కొనేవాళ్లకి ఈ లెక్క వర్తించదు, అది వాళ్ల ఇష్టం. వాళ్లు కూడా ఒరిజినల్ కార్బరేటర్, ఒరిజినల్ కవర్లు ఉన్నాయో లేదో చూసుకుని డబ్బివ్వాలి.

బేరం కుదిరితే తెల్లకాగితం మీదైనా సరే సీరియల్ నంబరు వేసి, అమ్మినట్టు సంతకం తీసుకోండి.

ఇంటికి తెచ్చాక

నడుస్తోంది కదా అని మర్నాడే దుంగ మీద పెట్టకండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇది తేమని లాగుతుంది, పాత రబ్బరు గొట్టాల్నీ కార్బరేటర్ డయాఫ్రమ్‌నీ (లోపలి పల్చటి పొరనీ) తినేస్తుంది. అందుకని గొట్టం, ట్యాంకు ఫిల్టర్, డయాఫ్రమ్ కిట్, రెండు క్రాంక్ సీళ్లు, ప్లగ్గు ముందే కొత్తవి వేయించండి. వేసిన మేస్త్రీతోనే ప్రెషర్, వాక్యూమ్ రెండు లీకు పరీక్షలూ చేయించండి, దాదాపు అర బార్ (ఇది ఒత్తిడి కొలత, కోసే బార్ కాదు) దగ్గర ముల్లు కదలకుండా నిలబడాలి. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడొద్దు, పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి ఇంజన్‌ని అదే ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టండి.

రోడ్డు పక్క చెట్టు దుంగ అయితే కోసేముందు మేకులు వెతకండి. ఫ్లెక్సీలకీ బోర్డులకీ కొట్టిన మేకులు ఏళ్లు గడిచేకొద్దీ చెక్కలోపలికి వెళ్లిపోతాయి, పైకి బెరడు మీద నల్లటి మరక మాత్రమే కనిపిస్తుంది. అలాంటి మరకలున్న చోట చేతి మెటల్ డిటెక్టర్ తిప్పి, మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, మేకు తీశాకే బార్ పెట్టండి.